ఆ పంపు ఏ గదిలో ఉంది?

ఆసుపత్రిలో ఒక వస్తువు కనిపించలేదంటే అది పోయిందని కాదు. రెండో అంతస్తు వార్డులో ఉండాల్సిన ఇన్‌ఫ్యూజన్ పంపు రాత్రి ఎవరికో అవసరమై ఐసీయూకి వెళ్తుంది. అక్కణ్నుంచి రోగితోపాటు స్కానింగుకి వెళ్తుంది. రోగి తిరిగొస్తాడు, పంపు మాత్రం అక్కడే ఓ మూల ఉండిపోతుంది. పొద్దున డ్యూటీకొచ్చిన నర్సు దానికోసం వార్డు వార్డూ తిరుగుతుంది. పంపు భవనంలోనే ఉంది, పనిచేసే స్థితిలోనే ఉంది. ఏ గదిలో ఉందో తెలియకపోవడం ఒక్కటే లోటు.

ఈ లోటు తీర్చే ఏర్పాటును ఎలా కట్టుకురావాలో, ఏ దశలో ఏ సాంకేతికతను తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో వరసగా చెబుతాను. నాలుగంతస్తుల జిల్లా స్థాయి ఆసుపత్రి ఒకటి కళ్లముందు పెట్టుకుందాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పొడవాటి కారిడార్లు, ఒక ర్యాంపు, రెండు లిఫ్టులు, ఉదయం ఓపీ వేళ కాలు పెట్టే సందు లేనంత జనం.

జీపీఎస్ ఇక్కడ ఎందుకు పనికిరాదో ఒక్క లెక్కతో తేలిపోతుంది. దాని ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కణ్నుంచి నేలను చేరే సంకేతం ఎంత బలహీనమంటే, ఒక వాటును పది కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ పది కోట్ల భాగాలు చేస్తే వచ్చే ముక్కంత. ఆరుబయట దాన్ని పట్టుకోవడమే రిసీవర్ల గొప్పతనం. నెత్తిమీద మూడు కాంక్రీటు శ్లాబులు అడ్డుపడ్డాక ఆ కాస్తా మిగలదు. కిటికీ పక్కన ఏదో దొరికినా, అది ఎదుటి భవనానికి తగిలి వచ్చిన సంకేతమైతే మనిషిని రోడ్డు అవతల ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి భవనం లోపలి కొలతకు భవనంలోనే ఆధారాలు నాటుకోవాలి.

ముందు ప్రశ్న రాసుకోవాలి

చాలామంది పరికరాల కేటలాగుతో మొదలుపెడతారు. "మా దగ్గర పది సెంటీమీటర్ల కచ్చితత్వం ఉంది" అని ఒకరు, "వస్తువుకు అంటించే మా ట్యాగ్ బ్యాటరీ అయిదేళ్లు వస్తుంది" అని ఇంకొకరు చెబుతారు. ఆ మాటలు వినకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, ఎవరికి ఏం తెలియాలో రాయాలి.

పంపు ఏ గదిలో ఉంది? దీనికి గది పేరు చాలు, జవాబు ఒక నిమిషం పాతదైనా నష్టం లేదు. ఊరి నుంచి మొదటిసారి వచ్చినవాళ్లకు రేడియాలజీకి దారి చూపాలా? అప్పుడు వాళ్ల చేతిలోని ఫోనే ఆధారం, మూడు నాలుగు మీటర్లు తేడా వచ్చినా పరవాలేదు, అంతస్తు మాత్రం తప్పకూడదు. ప్రసూతి వార్డు గుమ్మం దాటి శిశువును ఎవరైనా తీసుకెళ్తున్నారా? ఇక్కడ వార్డంతా కొలవనక్కర్లేదు, ఆ ఒక్క గుమ్మం దగ్గర క్షణాల్లో తెలియాలి. ఆపరేషన్ థియేటర్లో ఫలానా పరికరం ఏ బల్ల పక్కన ఉంది? ఇదొక్కటే అర మీటరు కచ్చితత్వం అడిగే ప్రశ్న.

కాగితం మీద ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే సాంకేతికతతో అన్నిటికీ జవాబు చెప్పాలనుకోవడం ఎంత ఖరీదైన ఆలోచనో అర్థమవుతుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది, నా దృష్టిలో ఈ పనంతటికీ అదే మూలం. భవనం లోపల మీటర్ల కన్నా గోడలు ముఖ్యం. ఒకే వార్డులో నాలుగు మీటర్లు తప్పు చెప్పినా నర్సు తల తిప్పి చూసి పంపును పట్టుకుంటుంది. గోడకు ఇటువైపున్నదాన్ని అటువైపు చూపిస్తే అది ఒక్క మీటరు తప్పే, కానీ ఆమె చుట్టూ తిరిగి తాళం వేసిన గది ముందు నిలబడాల్సి వస్తుంది. అందుకే సగటున ఎన్ని మీటర్లు తప్పుతుందని కాకుండా, నూటికి ఎన్నిసార్లు గది సరిగ్గా చెబుతుందని అడగాలి.

పటం పట్టుకుని నడవాలి

ఇంజనీరింగ్ విభాగం దగ్గర భవనం ప్లాను ఉంటుంది. దాన్ని నమ్మి కుర్చీలో కూర్చుంటే పని చెడుతుంది. కట్టిన తర్వాత వరండాను మూసి స్టోర్ రూము చేసి ఉంటారు, ఒక వార్డును అల్యూమినియం పార్టిషన్‌తో రెండు చేసి ఉంటారు. ప్రతి గదిలోకీ వెళ్లి, లేజర్ దూరమాపకంతో గోడ నుంచి గోడకు కొలిచి ప్లానును సరిదిద్దాలి. కింది అంతస్తులో ఒక మూలను సున్నాగా పెట్టుకుంటే మిగిలిన ప్రతి బిందువుకూ పొడవు, వెడల్పు, ఎత్తు వస్తాయి.

నడుస్తూ గోడలు దేంతో కట్టారో కూడా రాసుకోవాలి. ఎక్స్‌రే గది గోడల్లో సీసపు రేకు ఉంటుంది, అది రేడియో తరంగాలను కూడా ఆపుతుంది. ఇనప బీరువాల వరస, లిఫ్టు గొయ్యి, నీళ్ల ట్యాంకు ఎక్కడున్నాయో గుర్తించాలి. ఎమ్మారై గదిని పటం మీద ఎర్రగా గీసి, లోపలికి ఏ ట్యాగూ వెళ్లకూడదని అప్పుడే నిర్ణయించాలి. అక్కడి అయస్కాంతం ముందు చిన్న బ్యాటరీ కూడా ప్రమాదమే.

సాంకేతికతలను పక్కపక్కన పెట్టి చూడాలి

వైఫైతో మొదలుపెడదాం, చాలా ఆసుపత్రుల్లో అది ముందే ఉంటుంది కనుక. దూరం పెరిగేకొద్దీ సంకేత బలం తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి దూరం చెప్పొచ్చు కదా అని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. ఊళ్లో గుడి మైకు ఎంత గట్టిగా వినిపిస్తోందో విని గుడి ఎంత దూరమో చెప్పడం లాంటి పని ఇది. గాలి వాలు మారినా, మధ్యలో ఓ మేడ లేచినా లెక్క తప్పుతుంది. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే బలం 6 డెసిబెల్స్ పడిపోతుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. మధ్యలో ఒక మనిషి నిలబడి 10 డెసిబెల్స్ తగ్గిందనుకోండి, లెక్క ప్రకారం దూరం మూడు రెట్లకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. నాలుగు మీటర్లలో ఉన్న పంపు పన్నెండు మీటర్ల అవతలకు పోతుంది.

దూరం కొలవడం మానేసి, చోటును గుర్తుపట్టడం మరో పద్ధతి. 2000లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన పరమ్‌వీర్ బాల్, వెంకట పద్మనాభన్ 'రాడార్' పేరుతో ఈ దారి చూపించారు. ఒక అంతస్తులో 70 చోట్ల నిలబడి, ప్రతి చోటా నాలుగు దిక్కులకూ తిరిగి, మూడు బేస్ స్టేషన్లతో సంకేత బలం ఎంత వస్తోందో పట్టిక రాశారు. తర్వాత ఎక్కడ నిలబడినా అప్పటి అంకెలను పట్టికతో పోల్చి, దగ్గరగా ఉన్న చోటును చెప్పారు. సగం కొలతల్లో తప్పు మూడు మీటర్ల లోపే వచ్చింది. నాలుగు దిక్కులకూ తిరగడం ఎందుకంటే, కొలిచేవాడి శరీరమే తరంగానికి అడ్డు. ఇప్పటికీ వైఫై వేలిముద్రల పద్ధతి అని అందరూ వాడేది దీని సంతానమే.

దీని బలహీనత కొలిచిన రోజుకూ వాడే రోజుకూ ఉన్న తేడాలో ఉంది. ఆదివారం ఖాళీ కారిడార్లో పట్టిక రాస్తే, సోమవారం ఓపీ వేళకు అదే కారిడార్ మనుషులతో నిండి వేరే చోటుగా మారిపోతుంది. ఒక రౌటర్ పాడై కొత్తది పెడితే ఆ మూల పట్టిక పనికిరాదు. ఫోన్ల ఆంక్షలు ఉండనే ఉన్నాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగు సార్లకు మించి వైఫై వెతకలేదు. ఐఫోన్ మామూలు యాప్‌లకు చుట్టుపక్కల రౌటర్ల బలాల జాబితాను ఇవ్వనే ఇవ్వదు.

వైఫైలోనే రెండో తరం ఒకటి వచ్చింది. బలాన్ని వదిలి, తరంగం వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని కొలవడం. ఆండ్రాయిడ్‌లో 2018 నుంచి ఈ సదుపాయం ఉంది. కాంతి వేగంతో పోయే తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి కాలాన్ని ఎంత సన్నగా కోయగలిగితే దూరం అంత బాగా తెలుస్తుంది. ఎంత సన్నగా కోయొచ్చన్నది సంకేతం వెడల్పును బట్టి ఉంటుంది. 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న వైఫైతో ఆచరణలో ఒకటి రెండు మీటర్ల దాకా రావచ్చు. రౌటర్లు కూడా ఆ ప్రమాణం తెలిసినవే అయి ఉండాలి, పాత రౌటర్లతో కుదరదు. దారి చూపే యాప్‌కు ఇది బాగుంటుంది, పంపుకు అతికించే ట్యాగ్‌కు కాదు, కరెంటు ఎక్కువ తింటుంది.

అదే సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లింది అల్ట్రా వైడ్‌బ్యాండ్. 500 మెగాహెర్ట్జ్ వెడల్పున్న అతి చిన్న స్పందనలు పంపుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2002లో దీనికి దారి తెరిచింది. 2019లో ఐఫోన్ 11లోకి, 2021లో ఎయిర్‌ట్యాగ్‌లోకి వచ్చాక జనానికి తెలిసింది. దీని చిప్పులు కాలాన్ని పికోసెకన్లలో నమోదు చేస్తాయి. అడ్డులేని చోట పది సెంటీమీటర్ల తేడాతో దూరం చెబుతాయి. ఇందులో ఒక ముచ్చటైన చిక్కుంది, దాన్ని విప్పిన తీరు ఇంజనీరింగ్ అంటే ఇష్టమున్నవాళ్లు తెలుసుకోదగ్గది. ట్యాగ్ ఒక సందేశం పంపుతుంది, భవనంలో స్థిరంగా బిగించిన యాంకర్ అనే పరికరం దాన్ని అందుకుని 300 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది అనుకుందాం. రెండింటి గడియారాల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా మామూలే. 300 మైక్రోసెకన్లలో ఆ తేడా 6 నానోసెకన్లు అవుతుంది. రానూపోనూ కనుక సగం చేస్తే 3 నానోసెకన్లు, అంటే దూరంలో 90 సెంటీమీటర్ల తప్పు. పది సెంటీమీటర్ల మాట అక్కడే పోతుంది. విరుగుడు చాలా సులువు. ట్యాగ్ మూడో సందేశం ఒకటి పంపుతుంది. అప్పుడు రెండు వైపులా ఆగిన కాలాలు లెక్కలోకి వచ్చి, గడియారాల తేడా దాదాపు కొట్టుకుపోతుంది.

గోడలకు మాత్రం దీని మీదా జాలి లేదు. ఇటుకలో తరంగం వేగం సుమారు సగానికి పడిపోతుంది. తొమ్మిదంగుళాలు, అంటే 23 సెంటీమీటర్ల గోడ దాటేసరికి మరో 23 సెంటీమీటర్ల దూరం కలిసినట్టు కనిపిస్తుంది. మనిషి అడ్డొస్తే నేరుగా వచ్చే తరంగం సన్నగిల్లి, గోడకు తగిలి వచ్చినదే మొదటిదనుకుని చిప్పు పొరపడుతుంది. కాబట్టి యాంకర్లు గది గదికీ కావాలి, ఒక్కోదానికీ సీలింగు పైనుంచి వైరు లాగాలి. చిప్పు ధర కన్నా ఆ వైర్ల పనే బడ్జెట్‌ను తినేస్తుంది.

బ్లూటూత్ వైఫైకీ అల్ట్రా వైడ్‌బ్యాండ్‌కూ మధ్యలో నిలుస్తుంది. 2013లో ఆపిల్ ఐబీకన్ తెచ్చినప్పటి నుంచి తమ గుర్తింపును పదే పదే పలికే చిన్న బీకన్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దీని అసలు బలం పొదుపు. 220 మిల్లీ ఆంపియర్ అవర్ల కాయిన్ బ్యాటరీ నుంచి ట్యాగ్ సగటున 20 మైక్రోఆంపియర్లు తీసుకుంటే 11,000 గంటలు, అంటే పదిహేను నెలలు నడుస్తుంది. కదిలినప్పుడు మాత్రమే తరచుగా పిలిచి, నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికోసారి పలికే ట్యాగ్ అయితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. బలం మీద ఆధారపడే మామూలు బ్లూటూత్‌కు వైఫైకి ఉన్న రోగాలన్నీ ఉన్నాయి. తన ఉనికిని ప్రకటించడానికి మూడు వేర్వేరు ఛానెళ్లు వాడుతుంది కనుక, కదలని ట్యాగ్ కూడా మూడు రకాల బలాలతో వినిపిస్తుంది. మూడింటినీ కలిపేసి సగటు తీయడం కన్నా విడివిడిగా చూడటం మేలు.

2019 జనవరిలో వచ్చిన బ్లూటూత్ 5.1 కోణాన్ని కొలుస్తుంది. సీలింగులో అమర్చిన పళ్లెం లాంటి పెట్టెలో ఎన్నో యాంటెన్నాలు ఉంటాయి. తరంగం ఒక్కో యాంటెన్నాను కాస్త ముందు వెనకలుగా తాకడాన్ని బట్టి అది వచ్చిన దిక్కు తెలుస్తుంది. కోణంలో 5 డిగ్రీల తప్పు పది మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లవుతుంది. కాబట్టి ఎత్తైన సీలింగున్న హాళ్లకు ఇది బాగా సరిపోతుంది, చిన్న గదులకు డబ్బు దండగ. 2024 సెప్టెంబరులో వచ్చిన బ్లూటూత్ 6.0 ఎన్నో ఛానెళ్ల మీద తరంగం దశను కొలిచి దూరం చెప్పే పద్ధతిని తెచ్చింది. దాంతో పనిచేసే ట్యాగ్‌లు, ఫోన్లు పెరిగేకొద్దీ అల్ట్రా వైడ్‌బ్యాండ్ వాటాలో కొంత ఇది తీసుకుంటుందని నా అంచనా.

ఇప్పుడు అన్నిటికన్నా పాతదాని దగ్గరికి వస్తాను. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనాశాలలో రాయ్ వాంట్, ఆయన సహచరులు యాక్టివ్ బ్యాడ్జ్ తయారుచేసి 1992లో దాని గురించి ప్రచురించారు. ఉద్యోగి మెడలోని బ్యాడ్జి పదిహేను సెకన్లకోసారి పరారుణ కాంతిలో తన గుర్తింపు పంపేది, గదిలోని గ్రాహకం చదివేది. ఎవరికైనా ఫోన్ వస్తే వాళ్లున్న గదికి కలిపేవారు. పరారుణ కాంతి గోడ దాటదు. గ్రాహకానికి బ్యాడ్జి కనిపించిందంటే అది ఆ గదిలోనే ఉన్నట్టు. పది సెంటీమీటర్ల అల్ట్రా వైడ్‌బ్యాండ్ గోడ పక్కన తడబడవచ్చు, ముప్పై ఏళ్ల నాటి ఈ పద్ధతి గోడ దగ్గర తడబడదు. ఆసుపత్రులకు ఈ లక్షణం ఎంత విలువైనదో చెప్పలేను. నేరుగా ఎండ పడే చోట కొంచెం ఇబ్బంది, ట్యాగ్ దుప్పటి కింద పడితే కనిపించదు. అంతే.

అల్ట్రాసౌండ్ కూడా గోడ దాటదు. పైగా సెంటీమీటర్లలో కొలవగలదు, శబ్దం నెమ్మది కనుక కాలం కొలవడం తేలిక. కానీ గాలి ఉష్ణోగ్రతను బట్టి శబ్దవేగం మారుతుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్లు. 20 డిగ్రీల దగ్గర సరిచేసిన పరికరాన్ని ఏసీ లేని వార్డులో మే నెలలో 40 డిగ్రీల మధ్య పెడితే అయిదు మీటర్ల దూరానికి పదిహేడు సెంటీమీటర్లు తప్పు వస్తుంది. పక్కన ఒక థర్మామీటరు పెడితే సరిపోయే చిక్కు ఇది.

బ్యాటరీ లేని ఆర్‌ఎఫ్‌ఐడీ చీటీలు చవక. మన దేశంలో ఇవి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. ఇవి వస్తువు ఎక్కడుందో చెప్పవు, ఏ గుమ్మం దాటిందో చెబుతాయి. దుప్పట్లు, ఫైళ్లు, సర్జరీ సామాన్ల పెట్టెలకు అది చాలు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి. 2008లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన డచ్ అధ్యయనంలో ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లను వైద్య పరికరాల దగ్గరికి తెచ్చి 123 పరీక్షలు చేస్తే 34 సార్లు ఆ పరికరాల పనిలో తేడా కనిపించింది. ఐసీయూలో ఏ రీడర్ పెట్టే ముందైనా బయోమెడికల్ ఇంజనీరు పక్కన నిలబడి వెంటిలేటర్, పంపులతో పరీక్ష చేసి సంతకం పెట్టాలి. రోగికి అమర్చి ఉన్న పరికరాల మీద ఈ పరీక్ష చేయకూడదు.

ఇక ఫోన్‌లోని సొంత ఇంద్రియాలు. అడుగులు లెక్కపెట్టి దిక్కు చూసుకుంటూ పోయే పద్ధతిలో తప్పు పేరుకుంటూ పోతుంది, మధ్యమధ్య ఎవరో సరిదిద్దాలి. కాంక్రీటులోని ఇనుము భూమి అయస్కాంత క్షేత్రాన్ని చోటు చోటుకూ వంకరలు తిప్పుతుంది, ఆ వంకరలనే గుర్తులుగా వాడుకునే పద్ధతీ ఉంది. బారోమీటరు మాత్రం అంతస్తు చెప్పడంలో అక్కరకొస్తుంది. 3.3 మీటర్ల అంతస్తు ఎక్కితే గాలి పీడనం 0.4 హెక్టోపాస్కల్ తగ్గుతుంది, ఫోన్ ఆ తేడాను పట్టుకోగలదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కొన్ని గంటల్లో పీడనం అంతకన్నా ఎన్నో రెట్లు మారిపోతుంది కనుక, కింది అంతస్తులో ఒక స్థిరమైన బారోమీటరు పెట్టి దాంతో పోల్చి చూడాలి.

మన ఆసుపత్రికి ఏది

పంపులు, వీల్‌చెయిర్లు, ఈసీజీ యంత్రాలకు బ్లూటూత్, పరారుణ కాంతి రెండూ ఉన్న ట్యాగ్. పరారుణ సంకేతం గదిని నిర్ధారిస్తుంది, అది కనిపించనప్పుడు బ్లూటూత్ కనీసం ఏ వార్డు వైపో చెబుతుంది. ప్రసూతి వార్డు గుమ్మానికి, శిశువు ట్యాగ్‌ను పసిగట్టే 125 కిలోహెర్ట్జ్ తీగచుట్ట. అంత తక్కువ పౌనఃపున్యపు సంకేతం శరీరం అడ్డొచ్చినా దాదాపు తగ్గదు, రెండు మూడు మీటర్లు దాటి వ్యాపించదు కూడా, కాబట్టి గుమ్మం కచ్చితంగా తెలుస్తుంది. దారి చూపడానికి ఫోన్లు, కారిడార్ల మలుపుల్లో బ్లూటూత్ బీకన్లు, అంతస్తుకు బారోమీటరు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఆపరేషన్ థియేటర్ల సముదాయానికే, అదీ అక్కడ నిజంగా అడుగుతున్నవాళ్లు ఉంటేనే.

బిగించడం, కొలవడం

మొత్తం ఆసుపత్రికి ఒకేసారి బిగించకూడదు. ఒక అంతస్తులో ఒక వార్డు, దాని పక్క కారిడార్ తీసుకుని అక్కడ నెగ్గాలి.

పరారుణ గ్రాహకాలను సీలింగు మధ్యలో, ట్యూబ్‌లైటుకు దూరంగా పెట్టాలి. తలుపు తెరిచి ఉంటే కారిడార్లో నుంచి కాంతి లోపలికి వస్తుంది కనుక గ్రాహకం చూపు గుమ్మం వైపు ఉండకూడదు. బ్లూటూత్ గ్రాహకాలు రెండున్నర మూడు మీటర్ల ఎత్తున, ఏసీ డక్టుకూ ఇనప రాక్‌కూ దూరంగా ఉండాలి. కారిడార్లో అన్నిటినీ ఒకే గోడకు వరసగా కొడితే మనిషి ఇటు ఉన్నాడో అటు ఉన్నాడో లెక్కకు అందదు, రెండు వైపులా ఒకే దూరాలు వస్తాయి. ఒకటి ఇటు, ఒకటి అటు బిగించాలి. ఒక్కోదాని స్థానాన్ని లేజర్‌తో కొలిచి పటంలో రాయాలి. అక్కడ అర మీటరు తప్పు రాస్తే ఆ తప్పు ప్రతి జవాబులోనూ వస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీసేయలేదు.

బ్లూటూత్ కోసం వేలిముద్రల పట్టిక రాసేటప్పుడు రెండు మీటర్లకో బిందువు చొప్పున నేల మీద టేపు అంటించి, ప్రతి చోటా నాలుగు దిక్కులకూ తిరగాలి. తెల్లవారుజామున ఒకసారి, ఓపీ రద్దీలో ఒకసారి చేయాలి. ట్యాగ్‌ను చేత్తో పట్టుకుని కాకుండా, అది నిజంగా ఉండబోయే చోట, అంటే పంపు స్టాండు మీద, వీల్‌చెయిర్ సీటు కింద బిగించి కొలవాలి. వీల్‌చెయిర్ ఇనుము యాంటెన్నా తీరునే మార్చేస్తుంది.

లెక్క చేసే సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను, బాగా నలిగిన దారి అది. కొత్త కొలత రాగానే దాన్ని పూర్తిగా నమ్మకుండా పాత స్థానంతో తూచి సరిచేసే కాల్మన్ ఫిల్టర్ ఒకటి. పటం మీద కొన్ని వందల ఊహా స్థానాలను చల్లి, గోడలోంచి దూరినవాటిని తీసేస్తూ, మిగిలినవి ఎక్కడ గుమిగూడాయో చూసే పార్టికల్ ఫిల్టర్ ఇంకొకటి. కారిడార్లు, తలుపులు ఉన్న భవనానికి రెండోదే బాగుంటుంది, గోడను గోడగా గౌరవిస్తుంది. ఏది వాడినా తెర మీద గది పేరుతోపాటు అది ఎంతసేపటి కిందటి సమాచారమో కూడా చూపించాలి. "ఐసీయూ, 40 నిమిషాల కిందట" అన్న మాట నర్సుకు పనికొస్తుంది. సమయం చెప్పని చుక్క ఆమెను అబద్ధంతో నడిపిస్తుంది.

నిలబెట్టి పరీక్షించాలి

పట్టిక రాసిన చోట్లలోనే పరీక్ష చేస్తే అన్నీ బాగానే వస్తాయి. కొత్త చోట్లు, వేరే రోజు, వేరే మనిషి ఉండాలి. ఫలితాన్ని సగటుతో చెప్పకూడదు. పది కొలతల్లో తొమ్మిది సార్లు ఒక్కో మీటరు తప్పి, ఒకసారి 21 మీటర్లు తప్పితే సగటు మూడు మీటర్లు అవుతుంది. మూడు మీటర్ల తప్పు నిజానికి ఒక్కసారి కూడా జరగలేదు. గది ఎన్నిసార్లు సరిగ్గా చెప్పింది, అంతస్తు ఎన్నిసార్లు సరిగ్గా చెప్పింది, నూటికి 95 కొలతలు ఎన్ని మీటర్ల లోపల ఉన్నాయి, కదిలిన ఎన్ని సెకన్లకు తెర మారింది, ఇవి విడివిడిగా రాయాలి. ఇలాంటి పరీక్షల కోసం 2016లో ఐఎస్ఓ/ఐఈసీ 18305 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. టెండరు పత్రంలో దాని పేరు రాస్తే అమ్మేవాళ్లతో మాట తేలికవుతుంది.

2014లో బెర్లిన్‌లో మైక్రోసాఫ్ట్ ఒక పోటీ పెట్టింది. 22 జట్లు తమ తమ పద్ధతులను ఒకే చోట బిగించి, ఒకే కొలబద్దకు నిలబడ్డాయి. అలా ఒకే గదిలో పోల్చినప్పుడే ఎవరి మాట ఎంత నిజమో తెలుస్తుంది. మన ఆసుపత్రిలోనూ ఇద్దరు ముగ్గురు అమ్మకందారులను అదే వార్డులో, అదే వారంలో, అదే ట్యాగ్ స్థానాలతో చూపించమని అడగొచ్చు.

నెగ్గాక కూడా పని ఉంటుంది. బ్యాటరీల తేదీలు, పార్టిషన్ మారినప్పుడు పటం సరిదిద్దడం, పెయింటు వేసేవాళ్లు ఊడదీసిన గ్రాహకాన్ని తిరిగి బిగించడం, ట్యాగ్‌లు రోజూ క్రిమిసంహారక ద్రావణంతో తుడిచినా లోపలికి తడి పోకుండా చూడటం. వీటికి పేరుతో సహా ఒక మనిషిని నియమించని ఆసుపత్రి ఈ ఏర్పాటు పెట్టుకోకపోవడమే మంచిది.

మనుషుల విషయం

వస్తువుకు ట్యాగ్ అంటించడం వేరు, మనిషికి తగిలించడం వేరు. యాక్టివ్ బ్యాడ్జ్ వచ్చినప్పుడే ఈ ప్రశ్న లేచింది. దానికి మంచి జవాబు 2000లో ఎమ్‌ఐటీ నుంచి వచ్చింది. నిశాంక ప్రియాంత, అనిత్ చక్రవర్తి, హరి బాలకృష్ణన్ తయారుచేసిన 'క్రికెట్' ఏర్పాటులో గోడల మీది పరికరాలు "నేనిక్కడ ఉన్నాను" అని పలుకుతాయి, మనిషి చేతిలోని పరికరం విని తన స్థానాన్ని తానే లెక్కేసుకుంటుంది. ఎవరికి చెప్పాలో అతనే నిర్ణయిస్తాడు. రోగులకు, వాళ్ల బంధువులకు దారి చూపే యాప్‌ను ఈ పద్ధతిలోనే కట్టాలి. వైఫై ద్వారా వచ్చేపోయేవాళ్ల ఫోన్లను చెప్పకుండా లెక్కించే పాత అలవాటు ఇప్పుడు సాగదు కూడా. ఫోన్లు తమ చిరునామాలను మార్చుకుంటూ ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం మనిషి సమాచారానికి సాధారణంగా అతని సమ్మతి కావాలి, దేనికోసమో ముందే చెప్పాలి.

సిబ్బందికి ట్యాగ్ పెట్టాలంటే ప్రమాదంలో పిలుపు బటన్ కోసమనీ, హాజరు కోసం కాదనీ రాతపూర్వకంగా చెప్పి, ఆ సమాచారం ఎన్ని గంటల తర్వాత చెరిపేస్తారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. టీ తాగడానికి ఎంతసేపు వెళ్లిందో తెలుసుకోవడానికి వాడతారని నర్సులకు అనుమానం వస్తే ట్యాగ్‌లు సొరుగుల్లోకి చేరతాయి. అలా చేరడంలో వాళ్ల తప్పు ఉండదు.

మీ ఊరి ఆసుపత్రిలోనో, మీ సంస్థలోనో ఇలాంటి ఏర్పాటు కొనే కమిటీలో మీరు ఉంటే, అమ్మేవాళ్లను మూడే మూడు అడగండి: రద్దీ వేళ నూటికి ఎన్నిసార్లు గది సరిగ్గా చెబుతుంది, మా భవనంలో మా ముందు నిరూపిస్తారా, రెండేళ్ల తర్వాత బ్యాటరీలు, పటం ఎవరు చూస్తారు. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.